గోడ మీద నీళ్ళ గీతలు

మే 28, సోమవారం

వాగు లేదని రాశారు.

కొళాయి గోడకి అంటించిన మున్సిపాలిటీ నోటీసు నాలుగుసార్లు చదివాను. వెడల్పు ఒక మీటరు ఉన్న మురుగు కాలువ అట. ముంపు చరిత్ర లేదట. దాన్ని పైపులోకి ఎక్కించి, పైన స్లాబు వేసి, స్లాబు మీద బండ్లు ఆపుకోవడానికి జాగా చేస్తారట. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు జూన్ 15, శుక్రవారం, స్కూలు హాల్లో జరిగే సభకి వచ్చి చెప్పుకోవాలట.

ముంపే లేకపోతే పోయినేడు వానకి మా వెనక గుమ్మం రెండో మెట్టు దాకా వచ్చినవి ఏంటి, ఇంజనీరు గారి స్నానం నీళ్ళా? ఒక మీటరు అని ఎక్కడ కొలిచాడో చూపించమనాలి. కారు దిగకుండా కొలిచి ఉంటాడు. నేను ఈత నేర్చుకుంది అందులో. మీటరు కాలువలో మనిషన్నవాడు ఈత ఎలా నేర్చుకుంటాడు?

బిందెలతో నిలబడ్డ జనం నోటీసు చదివి, "పోనీలే, దోమలు పోతాయి" అన్నారు. "ఇదేంటి" అన్నవాళ్ళు ఒక్కరు లేరు. ఇంజనీరు మీద కంటే వీళ్ళ మీద ఎక్కువ మండింది.

మే 29, మంగళవారం

అమ్మదీ అదే పాట.

"వంటింటి కిటికీ తీసి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?" అంది. "నువ్వు పొద్దున్నే గోదాముకి పోతావు. కంపులో వండేది నేను. మూసేస్తే పీడ వదులుతుంది."

"కంపు వాగుది కాదమ్మా. మనం పడేసిన చెత్తది. పైన సబ్బుల ఫ్యాక్టరీ వదిలే నీళ్ళది."

"ఎవరిదైతే ఏం. ముక్కు నాది."

"మూసేశాక వాన నీళ్ళు ఎటు పోతాయి?"

"ఎటో పోతాయి. నీళ్ళకి దారి నువ్వు చూపించాలా?"

దీనికి నా దగ్గర జవాబుంది. కానీ అప్పటికే గొంతు పెరిగిపోయింది. నా గొంతు పెరిగితే అమ్మ మాట్లాడదు, గిన్నెల చప్పుడు పెంచుతుంది. ఆ చప్పుడుతో ఇంతవరకు ఎవరూ గెలవలేదు.

స్లాబు వెయ్యమని సంతకాల కాగితం ఒకటి ఇల్లిల్లూ తిరుగుతోంది. అమ్మ పెట్టదు. ఎంత కాదన్నా నా తల్లి.

మే 30

పెట్టింది. నిన్నటికే. పైనుంచి మొదటి సంతకం.

మే 31, గురువారం

మన లైబ్రరీ వాళ్ళు పుస్తకాలని తూకానికి వేశారు. పొద్దున లారీ మా పాత కాగితాల గోదాములో దించింది. పద్నాలుగు మంది ఆడవాళ్ళం కూర్చుని ఏరుతున్నాం. తెల్ల కాగితం ఒక గుట్ట, రంగుది ఒక గుట్ట, అట్ట ఒక గుట్ట. సాయంత్రానికి ఇంకో లారీ వచ్చి ఎత్తుకుపోతే మిల్లులో నానబెట్టి గుజ్జు చేస్తారు. ఆరో తరగతిలో బడి మానేసిన నాకు తర్వాత చదువు చెప్పింది ఈ గుట్టలే. మందుల చీటీలు, కోర్టు కాగితాలు, సగం చిరిగిన నవలలు. గుజ్జు కాబోయేవన్నీ ముందు నేను చదివాను.

ఇవాళ కంట పడింది ఈ పుస్తకం. ప్రతి పేజీ పైన చిన్న అక్షరాలతో "వాగొడ్డు ఇళ్ళు" అని ఉంది. ఒక వాక్యం చదివాను.

"నీళ్ళు పెడల్ని ముట్టగానే దర్జీ మిషన్ని బల్ల మీదకి ఎక్కించాడు, తనూ ఎక్కాడు, కుట్టడం మాత్రం ఆపలేదు."

ఆ దర్జీ కొట్టు మన సందు చివర ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉన్న చోటే. రాసినాయన గుమ్మం, మలుపు, పక్కనున్న రాతి అరుగుతో సహా రాశాడు. మన వాగు మీద, మన ఇళ్ళ మీద ఎవరో ఒక పుస్తకం రాశారు. నాకు ఇరవై రెండేళ్ళు. ఇన్నాళ్ళూ నాకు ఎవరూ చెప్పలేదు.

రాసింది ఎవరో తెలియదు. కవర్లు లేవు. లైబ్రరీ వాళ్ళు చింపి పంపారు. ఆఖరి కథకి చివరి పేజీ కూడా పోయింది. పుస్తకాన్ని ప్రాణంలా చూసుకోవాల్సిన వాళ్ళు అట్ట పీకి పంపుతారా? వెనక అట్టకి అంటించిన చీటీ మీద పదేళ్ళుగా ఒక్క ముద్ర కూడా లేదు. ఎవరూ తీసుకెళ్ళలేదని బయట పడేశారు. తీసుకెళ్ళమని ఎవరికైనా చెప్పారా?

ఆరు కాపీలు వచ్చాయి. ఒకటే దక్కింది. సంచిలో పెట్టుకుని తెచ్చేశాను. మాతో పని చేయించే మేస్త్రీ చూశాడు, చూడనట్టు నటించాడు.

జూన్ 1, శుక్రవారం

గోదాములో రేడియో పాడై రెండు వారాలైంది. మాట్లాడితే చెయ్యి ఆగుతుందని మేస్త్రీ మాట్లాడనివ్వడు. పక్క పీట మీద కూర్చునే పెద్దక్క, "ఏమే, నిన్న సంచిలో వేసుకుపోయావే, అదేంటో మాకూ చెప్పు" అంది. ఈవిడకి యాభై ఎనిమిది. పుట్టింది, పెరిగింది, మొగుడితో గొడవపడింది అన్నీ వాగొడ్డునే.

డబ్బాల్లో అన్నం తిన్నాక మిగిలిన అరగంటలో దర్జీ కథ చదివాను. నాకు గొంతెత్తి చదవడం రాదు. మొదటి పేజీ నత్తినత్తిగా పోయింది. రెండో పేజీకి అందరూ దగ్గరికి జరిగారు. దర్జీ బల్ల మీద నుంచి కింద నీళ్ళలో తేలుతున్న గుడ్డలకి కొలతలు తీసే చోట పెద్దక్క ఎంత నవ్విందంటే ఎక్కిళ్ళు వచ్చాయి.

మేస్త్రీ వచ్చాడు. "ఇది గోదామా, గ్రంథాలయమా?"

"గ్రంథాలయం అక్కడ అమ్మేశారు సార్, ఇక్కడికి వచ్చింది" అన్నాను.

"లేవండి లేవండి, టైమైంది."

లేచాం. సాయంత్రం నేను చెప్పులేసుకుంటుంటే ఆయన గేటు దగ్గర నిలబడి, మెల్లిగా, "ఇంతకీ ఆ మిషన్ మునిగిందా, దక్కిందా?" అన్నాడు.

"రేపు లారీ రోజు, తీరదు. సోమవారం చదువుతా. వచ్చి కూర్చోండి."

జూన్ 4, సోమవారం

వచ్చి కూర్చున్నాడు. మిషన్ దక్కింది. మేస్త్రీ ఊపిరి వదలడం అందరికీ వినబడింది.

ఉన్నది ఒక్కటే కాపీ. బస్టాపు దగ్గరి జెరాక్స్ కొట్టుకి పట్టుకెళ్ళాను. కొట్టు నడిపే అక్కకి నలభై ఉంటాయి, ఎప్పుడూ తల ఎత్తదు. కాగితం తీసుకోవడం, పెట్టడం, మూత వెయ్యడం, అంతే. ఇవాళ ఐదారు పేజీలు అలాగే తీసింది. తర్వాత ఆగింది. ఒక పేజీ చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"కవరేదీ?" అంది.

"లైబ్రరీ వాళ్ళు చింపేశారక్కా."

"వాళ్ళే చింపారా?"

"వాళ్ళే."

ఒకటి తియ్యమంటే నలభై కాపీలు తీసింది. వద్దక్కా అంటే, "తీసుకుపో" అంది. ముఖం ఎటో పెట్టుకుంది. వింత మనిషి.

జూన్ 5, మంగళవారం

ఇవాళ సాయంత్రం కొళాయి దగ్గర చదివాను. నీళ్ళు రావడానికి ఎలాగూ గంట పడుతుంది, బిందెలు పెట్టుకుని నిలబడటమే కదా. కాపీలు పంచాను. చదువు రానివాళ్ళ పక్కన వచ్చినవాళ్ళని కూర్చోబెట్టాను.

ఇద్దరు తోడికోడళ్ళ కథ. వాగుకి చెరో ఒడ్డున కాపురం, పదేళ్ళుగా మాటల్లేవు. వరదొచ్చిన నాడు ఈ ఒడ్డు నుంచి ఒకావిడ ఆ ఒడ్డుకి అరిచి పసిబిడ్డని లేపిస్తుంది. తర్వాత మళ్ళీ మాట్లాడుకోరు. కానీ రోజూ అదే వేళకి ఇద్దరూ ఎదురెదురుగా బట్టలు ఉతుక్కుంటారు.

చదువుతుండగానే మొదలైంది.

"ఆ ఇల్లు మాదే. మేం వచ్చినప్పుడు ఆ గచ్చు మెట్టు ఉండేది."

"మీదెలా అవుద్ది, ఎదురుగా రేవు అంటున్నాడుగా. మాది."

"మీది పాకండీ. ఆయన డాబా అని రాశాడు."

"పాక పీకి డాబా కట్టుకోకూడదా మేము?"

అరగంట కొట్టుకున్నారు. వారం కింద "దోమలు పోతాయి" అన్నవాళ్ళే, కథలోని రేవు నాదంటే నాదని కొట్టుకున్నారు. నేను నోరు తెరవలేదు. నా జీవితంలో నోరు తెరవకుండా ఏదైనా సాధించడం ఇదే మొదలు.

ఇంటికొచ్చేసరికి వంటింటి కిటికీ ఒక రెక్క తీసి ఉంది. కొళాయి మాటలు అక్కడికి వినిపిస్తాయి.

జూన్ 6

పక్కింటావిడ చెత్త బుట్టతో ఒడ్డుకి వచ్చింది. అటూ ఇటూ చూసింది. బుట్టతోనే వెనక్కి పోయింది.

జూన్ 8, శుక్రవారం

సభకి ఇంక వారమే. ఇవాళ గోదాములో ఆఖరి కథ చదివాను. పేరు "గీతలు". బడిలో ఒక మాస్టారు ఏటా వాన వెలిశాక నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద పిల్లల చేత మేకుతో గీత గీయిస్తాడు. పక్కన ఏ సంవత్సరమో చెక్కిస్తాడు. "వాగుకి రాయడం రాదు, మనమే రాసిపెట్టాలి" అంటాడు పిల్లలతో. ఏ గోడో చెప్పేలోపు పేజీ అయిపోయింది. తర్వాతి పేజీ లేదు.

చదవడం ఆపేసరికి పెద్దక్క చేతిలో కాగితం అలాగే ఉంది.

"నా చేతా గీయించారే" అంది. "రెండో క్లాసులో. మాస్టారు గోడకి ఆనించి నిలబెడితే మేకుతో గీశాను. నా ఎత్తు కొలుస్తున్నారనుకున్నా ఇన్నాళ్ళూ."

"ఏ గోడక్కా?"

"ఎత్తు కొలిచేది గేటు పక్క గోడకే కదా. అక్కడే అయ్యుంటుంది."

అదే స్కూలు ఇప్పటికీ ఉంది, వాగుని ఆనుకుని. సభ జరిగేదీ అక్కడే. ఆ గీతలు దొరికితే ముంపు చరిత్ర లేదన్న మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది. నలుగురం గోదాం నుంచి తిన్నగా పోయాం. తడి గుడ్డ పెట్టి సున్నం నానబెట్టి, చాకులతో గీకాం. గేటు పక్క గోడ, మనిషి ఎత్తున, ఈ చివర నుంచి ఆ చివరికి. సున్నం కింద సున్నం, దాని కింద ఇటుక. ఒక్క గీత లేదు.

హెడ్ మేడమ్ వచ్చి, "ఎవరమ్మా మీరు, గోడ ఎందుకు పాడుచేస్తున్నారు?" అంది. చెప్పాను. "కథ పట్టుకుని గోడ గీకుతారా ఎవరైనా?" అని నవ్వింది. సోమవారం కల్లా మమ్మల్నే సున్నం కొట్టమంది.

కథ నిజం కాదేమో. ఈ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు, అయినా రాశాను.

జూన్ 9, శనివారం

నేను చింపలేదు.

జూన్ 9, మళ్ళీ

సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం జెరాక్స్ అక్క గోదాముకి వచ్చింది. కొట్టు మూసుకుని వచ్చింది. అందరి ముందూ నా పీట దగ్గర నిలబడింది.

"లైబ్రరీకి వెళ్ళి గొడవ పెట్టుకున్నా" అంది. "పుస్తకాలని ఎందుకు చింపారని అడిగా. కవర్లతోనే ఇచ్చామమ్మా, రిజిస్టర్ చూడు అన్నారు. నా పరువు పోయింది. చెప్పు, ఎవరు చింపారు?"

"నాకేం తెలుసు, లారీ వాళ్ళు..."

పెద్దక్క తల ఎత్తకుండానే, "నీ చేతులే కదే" అంది. "నా పక్కనే కూర్చుని చింపావు. నేనూ వేరేవి నాలుగు చింపా. దాచడం దేనికి?"

మిగతా పదమూడు మందీ చూస్తున్నారు. మేస్త్రీ కూడా. నేను లేచి వచ్చేశాను. వస్తూ వస్తూ, "నేను చింపలేదు" అని అరిచాను కూడా.

అట్ట వేరు, తెల్లది వేరు. అది మా పని. ఎడమ చేత్తో పట్టి కుడి చేత్తో గుంజితే అట్ట, దానికి అతుక్కున్న పేరున్న పేజీ, వెనకాల చివరి పేజీ అన్నీ కలిసి వచ్చేస్తాయి. ఆరు పుస్తకాలు, ఆరు గుంజులు. చేతులకి అలవాటు. ఇంకో పుస్తకం అందుకోబోతూ ఒళ్ళో తెరుచుకున్న ఆరోదాంట్లో దర్జీ కనిపించాడు. చేతులు ముందు, కళ్ళు తర్వాత. ఆ సాయంత్రమే నాకు తెలుసు. తెలిసే రాశాను లైబ్రరీ వాళ్ళు చింపారని, చింపిన అట్ట మీద చూసిన చీటీ సంగతి కూడా రాస్తూ. ఎవరూ చూడని ఈ కాగితాల మీద కూడా అబద్ధం రాశాను. వాగు లేదని రాసినవాడికీ నాకూ తేడా ఏంటి?

జూన్ 10, ఆదివారం

పొద్దున్నే జెరాక్స్ అక్క ఇంటికి వెళ్ళాను. కొట్టు వెనకే ఇల్లు, ఒక్క గది, గోడ పొడవునా కాగితం కట్టలు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

"నేనే చింపానక్కా. ఆరూ నేనే. పేరున్న పేజీ మిల్లుకి పోయింది. నీ దగ్గర అబద్ధం ఆడాను."

కాగితం కట్ట ఒకటి జరిపి నాకు చోటు చేసింది. తర్వాత, "మా నాన్న రాసింది" అంది.

నేను కూర్చున్నాను.

"స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఈల ఊదుకునేవాడికి కథలెందుకని జనం నవ్వేవాళ్ళు. ఐదొందల కాపీలు వేయించాడు. ఆయన పోయాక అటక దించి కట్టలు కట్టలుగా పాత కాగితాల వాడికి వేసింది ఎవరో తెలుసా? నేనే. ఇల్లు మారేటప్పుడు బరువని. ఒక్క కాపీ కూడా ఉంచుకోలేదు. నువ్వు ఆరు చింపావు. నేను నాలుగొందలు." అప్పుడు నవ్వింది. అది నవ్వో ఏడుపో చెప్పలేను. "నీ కాగితాలు మిషన్ మీద పెట్టినప్పుడు ముందు ఆ అచ్చు అక్షరాలు గుర్తుపట్టా. చెబుదామంటే సిగ్గేసింది."

"ఆఖరి పేజీ కూడా పోయిందక్కా. ఏ గోడో తెలియలేదు."

"ఆఖరి పేజీ ప్రెస్‌కి వెళ్ళింది నా చేతిరాతతోనే. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆయన చెబితే నేను రాశా."

కళ్ళు మూసుకుని చెప్పింది. నేను వెంటనే వెనకాల ఉన్న ఒక కాగితం మీద రాసుకున్నాను.

"బయటి గోడ అయితే సున్నం కొట్టేవాడికి లోకువ. అందుకని పాత వంటగది లోపలి గోడకి తీసుకెళ్ళేవాడు. మసి పట్టిన గోడ జోలికి ఎవరూ రారు. గీత గీసే పిల్ల తడి మరక మీద వేలు పెట్టి, ఇక్కడ సార్ అనాలి. తడి ఆరాక గీస్తే అది మన మాట అవుతుంది, వాగు మాట కాదు."

"పాత వంటగది ఇప్పుడు స్టోర్ రూమ్" అంది అక్క. "పద. తాళం చెవి ఎలా అడగాలో నాకు తెలుసు."

నిన్ననే నిజం చెప్పి ఉంటే ఒక రోజు మిగిలేది. నాలుగో తారీఖునే చెప్పి ఉంటే ఆరు రోజులు.

జూన్ 11, సోమవారం

దొరికాయి.

హెడ్ మేడమ్ తాళం తీసింది. విరిగిన బల్లలు, పాత మ్యాపులు, ఆటల సామాను. మేస్త్రీ ఆరుగురిని సగం పూట పనికి రాకపోయినా ఫర్వాలేదని పంపాడు. తనూ వచ్చాడు. బల్లలన్నీ బయటికి మోశాం. వాగు వైపు గోడకి తడి గోనెలు అతికించి అరగంట ఆగాం. తర్వాత, వంటగదిని స్టోర్ రూమ్ చేసినప్పుడు కొట్టిన సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద నల్లటి మసి. మసి మీద తెల్లగా, మేకుతో లోతుగా, గీత.

తర్వాత ఇంకోటి. ఇంకోటి. మోకాలి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా పందొమ్మిది గీతలు. ప్రతి గీత పక్కన సంవత్సరం, చివర ఒక అక్షరం, గీసిన పిల్ల పేరులో మొదటిది.

పెద్దక్క కిందికి వంగి వెతుక్కుంది. నేలకి మూడడుగుల ఎత్తున తన అక్షరం దొరికింది. వంకర టింకర అక్షరం. దాని మీద వేలు పెట్టి, "ఇక్కడ సార్" అంది. గోడకే చెప్పింది.

జెరాక్స్ అక్క బయటికి వెళ్ళిపోయింది. వరండాలో నిలబడి గట్టిగా ఏడ్చింది. హెడ్ మేడమ్ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, నా వైపు చూసి, "గేటు పక్క గోడ సంగతి వదిలేయ్. మేమే కొట్టించుకుంటాం సున్నం" అంది.

"ఇక్కడ మాత్రం ఎవరూ కొట్టకండి మేడమ్."

"చెయ్యి విరగ్గొడతా ఎవడైనా కొడితే."

జూన్ 13, బుధవారం

అమ్మ నిన్న ఒంటరిగా వెళ్ళి గోడ చూసొచ్చింది. ఇవాళ అన్నం పెడుతూ, "మన వంటింటి నేల ఆ స్టోర్ రూమ్ నేల కంటే ఎత్తా, పల్లమా?" అని అడిగింది.

"పల్లం. జానెడు."

"ఊఁ" అంది. గిన్నెల చప్పుడు లేదు.

జూన్ 15, శుక్రవారం

ఇది నెమ్మదిగా రాయాలి. ఒక్క ముక్క వదలకూడదు.

హాలు నిండింది. మామూలుగా ఇలాంటి సభకి పదిమంది వస్తారట. రెండొందల పైన వచ్చాం. వేదిక మీద కమిషనరు, పక్కన ఇంజనీరు, గోడకి పెద్ద నక్షా. ఇంజనీరు సన్నగా, అలసటగా ఉన్నాడు. నేను ఇంత పొట్ట ఉంటుందనుకున్నాను. పైపు ఇక్కడ, స్లాబు ఇక్కడ, బండ్లు ఇక్కడ అని కర్రతో చూపించాడు. స్థానికులు తొంభై మంది మూసేయమని సంతకాలు పెట్టారని కాగితం ఎత్తి చూపించాడు.

నేను లేచాను. అరవకూడదనుకున్నాను. అరవలేదు.

"సార్, స్లాబు పైమట్టం ఎంత ఎత్తున వస్తుంది?"

నక్షా చూసి, "ఈ స్కూలు వెనక గదుల నేలకి సమానంగా" అన్నాడు.

"ముంపు చరిత్ర లేదని రాశారు. ఎవర్ని అడిగారు?"

"రికార్డులు చూశామమ్మా. ఎందులోనూ లేదు."

నలభై కాపీలు ఒక్కసారే లేచాయి. చేతులెత్తమని నేను చెప్పలేదు. దర్జీ పేజీ, తోడికోడళ్ళ పేజీ, ఎవరికి నచ్చింది వాళ్ళు తెరిచి పట్టుకున్నారు. ఇంజనీరు ముందు వరసలో ఒకటి అందుకుని చూశాడు.

"ఇవి కథలు. కథల్ని సాక్ష్యంగా తీసుకోలేం కదమ్మా."

"తీసుకోవద్దు" అని జెరాక్స్ అక్క లేచింది. "ఇరవై అడుగులు నడవండి చాలు. కథలో రాసిన గోడ అక్కడుంది. టేపు మీదా, మమ్మల్ని తెమ్మంటారా?"

కమిషనరు లేచాడు. ఆయన లేస్తే ఇంజనీరు లేవక తప్పదు. స్టోర్ రూమ్ ఇరుకు, పదిమందే పట్టారు. మిగతావాళ్ళు కిటికీలకి వేలాడారు. టేపు ఒక కొస ఇంజనీరు పైన పట్టుకున్నాడు. రెండో కొస నేల మీద నేను నొక్కి పట్టుకున్నాను. పైగీత నాలుగడుగుల రెండంగుళాలు. ఆయన దాన్ని మళ్ళీ కొలిచాడు. తర్వాత పందొమ్మిదీ కొలిచాడు, ఒక్కోటీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. కిటికీలోంచి మేస్త్రీ ప్రతి గీతకీ లెక్క పెడుతున్నాడు.

"అంటే మీ స్లాబు మీద నాలుగడుగుల నీళ్ళు సార్" అన్నాను. "బండ్లు ఆపుకునే జాగాలో. ఇదంతా మీ మీటరు పైపులో పడుతుందా?"

ఇంజనీరు టేపు చుట్టుకున్నాడు. "పడదు" అన్నాడు. ఆ ఒక్క మాటే. అబద్ధం ఆడి ఉండచ్చు, ఆడలేదు. అప్పుడు కొంచెం నచ్చాడు నాకు. కొంచెమే.

హాల్లోకి తిరిగొచ్చాక అమ్మ లేచింది. అమ్మ నలుగురిలో మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

"ఆ కాగితం మీద మొదటి సంతకం నాది" అంది. "నా సంతకం నాకిచ్చేయండి."

కమిషనరు నవ్వాడు. "ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదమ్మా."

"అయితే ఇలా ఇవ్వండి. దాని కిందే వద్దని ఇంకోటి పెడతా. కంపు పోవాలన్నాను కానీ వాగు పోవాలనలేదు. సబ్బుల ఫ్యాక్టరీ నీళ్ళు ఆపండి. చెత్త సంగతి మేం చూసుకుంటాం."

కాగితం తీసుకుంది. వద్దు అని రాసి సంతకం పెట్టింది. వెనకే వరస కట్టారు. తొంభైలో డెబ్భై ఆరు మంది వద్దు పెట్టారు. మేస్త్రీకి ఈ వీధిలో ఇల్లే లేదు, ఆయనా వరసలో నిలబడ్డాడు. వెనక్కి పంపిస్తే, "కథ విన్నవాళ్ళకి హక్కు లేదా?" అని వాదించాడు.

కమిషనరు మైకు తీసుకుని పని ఆపేస్తున్నామన్నాడు. మళ్ళీ సర్వే చేస్తామన్నాడు. ఫ్యాక్టరీకి నోటీసు ఇస్తామన్నాడు. చప్పట్లు మోగాయి. పెద్దక్క నన్ను ఎత్తబోయి నడుం పట్టేసి అక్కడే కూలబడింది. ఇంజనీరు మెట్లు దిగుతూ నా దగ్గర ఆగాడు.

"ఇంకో కాపీ ఉందా ఆ పుస్తకం?"

"ఆ అక్కని అడగండి సార్. వాళ్ళ నాన్నది."

ఈసారి పేరు అడిగితే మేం చెప్పగలం.

ఇంటికి నడిచి వస్తుంటే అందరూ మాట్లాడుతున్నారు. నా కాళ్ళు నేల మీద ఆనట్లేదు. మనం గెలిచాం. చదివి గెలిచాం.

జూన్ 16, శనివారం

పొద్దున లేచాక అనుమానం పట్టుకుంది. మైకులో అన్నాడు. రాతలో ఇవ్వలేదు. మైకు మాటకి చీటీ ఉండదు. తడి ఆరాక గీస్తే ఎవరి మాట అవుతుందో ఆ పుస్తకమే చెప్పింది. ఇవాళే రాయాలి. అమ్మని, పెద్దక్కని, జెరాక్స్ అక్కని కూర్చోబెట్టుకుని చిత్తు ఇక్కడే రాశాను. రేపు మంచి కాగితం మీదకి ఎక్కించి అక్క కాపీలు తీస్తుంది. అమ్మ "దయచేసి" అని పెట్టమంది. పెట్టాను, తీసేశాను.

కమిషనరు గారికి.

మా వాగుని మీ నోటీసులో మురుగు కాలువ అని రాశారు. అది తప్పు. పందొమ్మిది సంవత్సరాల నీళ్ళ గీతలు మీ ఇంజనీరు గారే తన టేపుతో, తన చేత్తో కొలిచి రాసుకున్నారు. ఆ కొలతలు మీ రికార్డులోకి ఎక్కాలి, గీసిన పిల్లల అక్షరాలతో సహా. ఆ గదికి సున్నం పడకూడదు. పాత నోటీసు రద్దు చేసినట్టు కొత్త నోటీసు అదే కొళాయి గోడకి అంటించాలి, అందులో వాగు అనే మాట ఉండాలి. సబ్బుల ఫ్యాక్టరీ మా నీళ్ళలోకి వదిలేది ఏ తేదీ నుంచి ఆపిస్తారో ఆ తేదీ రాయాలి. లైబ్రరీలో మన ఊరి పుస్తకాలకి ఒక అలమరా పెట్టించాలి. మొదటి పుస్తకం మేం ఇస్తాం, కవరు వేసి, రాసినాయన పేరు వేసి.

చూస్తాం, చేస్తాం అనే జవాబు వద్దు. అలాంటిది వస్తే జూన్ 26, మంగళవారం, పొద్దుట పది గంటల నుంచి మీ ఆఫీసు వరండాలో కూర్చుని మొదటి కథ నుంచి చదువుతాం. మొత్తం పదిహేడు కథలున్నాయి. నేను చాలా నెమ్మదిగా చదువుతాను, మధ్యలో మా మేస్త్రీ ప్రశ్నలు అడుగుతాడు.

జవాబు రాతలో, సంతకంతో, ముద్రతో కావాలి. జూన్ 25, సోమవారం, సాయంత్రం ఐదు గంటల లోపు.